పెళ్ళి లెక్క

నా చిన్నప్పుడు తిరుత్తణిలో పెళ్ళి కావలసిన ఆడపిల్లలందరూ ఫోటోల్లో తెల్లగానే ఉండేవాళ్ళు. ఆ తెలుపులో సగం మా పెదనాన్న చలవ, మిగతా సగం నాది. డెబ్బై దాటి, మోకాళ్ళు మెట్లెక్కనివ్వని ఈ వయసులో, తిరువళ్ళూరులో మా ఇంటి వరండాలో కూర్చుని ఈ మాట రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవడం లేదు. ముప్పై ఏళ్ళు తెల్లవారుజామున లేచి ఎలక్ట్రిక్ రైలెక్కి చెన్నైకి పోయి వచ్చిన ఒళ్ళు ఇది. చాలా సంగతులు ఆ రైల్లోనే ఎక్కడో జారిపోయాయి. ఈ ఒక్కటి మాత్రం పోలేదు.

మా పెదనాన్నకు బజారులో చిన్న స్టూడియో ఉండేది. కొండకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళు పిల్లలకు గుండు కొట్టించే ముందు ఒక ఫోటో, కొట్టించాక ఒక ఫోటో తీయించుకునేవాళ్ళు. ఆయన కెమెరా మూడు కాళ్ళ మీద నిలబడే పెద్ద చెక్కపెట్టె. నల్లగుడ్డ కప్పుకుని ఆయన దాని వెనక దూరితే, అప్పటిదాకా ఏడుస్తున్న పిల్లలు కూడా ఈయనకేమైందోనని ఏడుపు మానేసేవాళ్ళు. స్టూడియోలో నీళ్ళు లేవు. అందువల్ల ఫోటోలు కడగడం మాత్రం మా ఇంట్లోనే. మాది ఉమ్మడి ఇల్లు. ఒకప్పుడు వడ్లు పోసుకున్న వెనక గదిని ఆయనకు వదిలేశారు. కిటికీకి కంబళి, తలుపు సందుల్లో పాత పంచెలు. మందునీళ్ళు వేడెక్కితే పూత మెత్తబడి ఫోటో పాడవుతుందని, తడి గోనె చుట్టిన కుండలో నీళ్ళు చల్లబరిచి వాడేవాడు. వేసవి మధ్యాహ్నాల్లో ఆ గదిలో మందు చల్లగా ఉండేది, మేము ఉడికిపోయేవాళ్ళం.

ఇప్పటివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఫోటోను పెద్దది చేసే యంత్రం ఆయన దగ్గర లేదు. ఆ పెద్ద కెమెరాలో పట్టే నెగిటివే అరచేతికన్నా పెద్దది. ఫోటో కూడా సరిగ్గా అంతే వచ్చేది. అద్దం బిగించిన ఒక చెక్క చట్రంలో నెగిటివ్ పెట్టి, దానికి కాగితం ఆనించి, వెనక పలక వేసి, తిప్పి బల్బు కింద పెట్టేవాడు. రెండింటి మధ్య గాలి కూడా దూరకూడదు. దూరితే మొహం చెదిరిపోతుంది. ఆ చట్రం స్ప్రింగులు ఎప్పుడో వదులైపోయాయి. అందుకని ఎడమచేత్తో దాని అంచులు అదిమిపట్టి, కుడిచేత్తో స్విచ్చి వేసేవాడు. ఇక లెక్కపెట్టడానికి మిగిలింది నా నోరు.

కొండ మీది స్వామి పేరు కలిపి మురుగా ఒకటి, మురుగా రెండు, అని సాగదీయకుండా, తొందరపడకుండా పెట్టాలి. ఒక్కో మురుగాకు ఒక్కో సెకను. గడియారం కొనుక్కుంటే పోలేదా అని మా పెద్దమ్మ సణిగితే, గడియారం నోరు తెరిచి చెప్పదు గదా అనేవాడు. నాకప్పుడు పదేళ్ళు. బళ్ళో నాకు ఎక్కాలు రావని రోజూ బెంచీ ఎక్కించేవాళ్ళు. ఇంట్లో మాత్రం నేను లేకుండా ఒక్క ఫోటో బయటికి వచ్చేది కాదు. ఆ గర్వం నన్ను ఎంత ఎత్తుకు ఎక్కించిందో, తర్వాత అంత కిందికీ దించింది.

కాగితం మీద వెలుగు ఎంతసేపు పడితే ఫోటో అంత నల్లబడుతుంది. మామూలు ఫోటోకు పన్నెండు మురుగాలు. పెళ్ళి సంబంధానికి పంపే ఫోటోకు ఎనిమిది. దాన్ని మా ఇంట్లో పెళ్ళి లెక్క అనేవాళ్ళం. ఆ నాలుగూ మింగేస్తే ఎంత రంగు తక్కువ పిల్లయినా గోధుమఛాయకు వచ్చేసేది. జడ కూడా బూడిదరంగుకు తిరిగేది, చీర అంచు సగం మాయమయ్యేది. వాటినెవరు చూడొచ్చారు! ఎవరూ దాన్ని మోసం అనుకోలేదు. మొహానికి పౌడరు పూసినట్టు అనుకునేవాళ్ళు. మా వీధి ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉండేవి, నా గొంతు పెద్దది. నేను పన్నెండు దాకా పోతే ఎవరికీ పట్టేది కాదు. ఎనిమిది దగ్గర ఆగితే మాత్రం, వీధిలో ఎవరి పిల్లకో సంబంధం చూస్తున్నారని తెలిసిపోయేది. ఎవరి పిల్లకు అని సాయంత్రం కొళాయి దగ్గర నన్నే పట్టుకుని అడిగేవాళ్ళు.

పక్కింటివాళ్ళది మగ్గం పని. ఆ ఇంటి అక్కకు అప్పుడు ఇరవై రెండో ఇరవై మూడో. మనిషి నలుపు. ఈ మాట ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పట్లో అక్క ఎదుట ఆ మాట ఎవరూ అనేవాళ్ళు కాదు, ఆమె వెనక అనని రోజూ లేదు. మా అమ్మకు తీరికలేక నా తల చింపిరిగా ఉంటే అక్కే పిలిచి, నూనె పెట్టి, చిక్కు తీసి జడ వేసేది. మగ్గం పలక మీద తన పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, నేత ఆపకుండానే కతలు చెప్పేది. దారం మోసే నాడె అటు పోయి ఇటు వచ్చేలోగా కతలో రాకుమారుడు ఒక ఊరు దాటేసేవాడు. నాకు అక్క అంటే ప్రాణం. మా అమ్మకన్నా ఎక్కువా అని ఎవరైనా అడిగి ఉంటే, అవునని చెప్పడానికి భయపడి ఏడ్చేదాన్ని.

అప్పటికి అక్కను మూడుసార్లు చూసిపోయారు. మూడుసార్లూ పెళ్ళి లెక్క ఫోటో పంపారు, మూడుసార్లూ ఆ ఫోటో నచ్చాకే వాళ్ళు వచ్చారు. కేసరి, బజ్జీలు, కాఫీ. అక్క పట్టుచీర కట్టుకుని, తల వంచుకుని వచ్చి కూర్చునేది. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, అదే ఘోరం. వారానికో పదిరోజులకో జాతకం కుదరలేదని కార్డు వచ్చేది. జాతకం చూసుకున్నాకే గదా బయల్దేరి వచ్చింది! మూడోసారి వాళ్ళు అటు వెళ్ళగానే అక్క ఇటు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంది. పట్టుచీర కూడా మార్చుకోలేదు. దీపాలు పెట్టే వేళ దాకా నాడె చప్పుడు మా ఇంట్లోకి వినిపిస్తూనే ఉంది.

నాలుగో సంబంధం తిరువళ్ళూరు నుంచి. పిల్లవాడు ఆఫీసులో గుమాస్తా. ముందు పంపిన ఫోటోలు ఎవరూ తిప్పి పంపలేదు గనక పక్కింటి అత్త, అంటే అక్క వాళ్ళమ్మ, ఇంకో రెండు వెయ్యమని మా పెదనాన్నను అడిగింది. నెగిటివ్ మా దగ్గరే ఉంది. ఆ మధ్యాహ్నం మేము పనికి కూర్చున్నాం. మొదటిది ఎనిమిదితో ఆపాం. అది మందులోంచి తీసి, బొమ్మను నిలబెట్టే హైపో నీళ్ళలో వేశాక తలుపు చప్పుడైంది. పెదనాన్న కాగితాల డబ్బా మూసి గడియ తీశాడు. గుమ్మంలో అక్క నిలబడి ఉంది.

"మా అమ్మ ఇంకా రెండు తగ్గించమనింది, పెదనాయనా. ఎనిమిది అని వినపడినాదంట" అంది. కూరలో ఉప్పు తగ్గించమని చెప్పినంత మామూలుగా అంది. తన మొహాన్ని ఇంకాస్త చెరిపేయమని చెప్పిరమ్మని తననే పంపించారు. అందులో ఉన్న అవమానం ఆ పూట నాకు తెలియలేదు. పెదనాన్నకు తెలిసిందనుకుంటాను, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఆరుకు తీస్తే మొహమే ఉండదు తల్లీ. కండ్లు మాత్రం మిగులుతాయి" అన్నాడు.

అక్క నవ్వింది. నవ్వి, ఇంకొకటి వేస్తారు గదా, నేనూ ఉండి చూస్తాను అంది. అప్పటిదాకా తన ఫోటో ఎట్లా వస్తుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. పెదనాన్న ఆమెను లోపలికి రానిచ్చి తలుపు మళ్ళీ బిగించాడు. ఎర్రదీపం వెలుగులో ముగ్గురం ఇరుకుగా నిలబడ్డాం. చట్రం సిద్ధమయింది, స్విచ్చి పడింది, నేను గొంతెత్తి మొదలుపెట్టాను. ఆరు దగ్గర ఆపాలా ఎనిమిది దగ్గర ఆపాలా అని పెదనాన్న వైపు చూశాను. ఆయన ఏమీ సైగ చేయలేదు. అలవాటుకొద్దీ ఎనిమిది దాకా పోయి ఆగాను.

నేను ఆగితే ఆయన స్విచ్చి ఆపాలి. అది మా పద్ధతి. కానీ నా పక్కనుంచి, గోడ దాటని గొంతుతో, అక్క "మురుగా తొమ్మిది" అంది. పెదనాన్న వేలు స్విచ్చి మీదే ఉంది. కదలలేదు. "మురుగా పది." ఆయన అక్క వైపు కూడా చూడలేదు, చట్రాన్నే చూస్తూ నిలబడ్డాడు. "మురుగా పదకొండు. మురుగా పన్నెండు." అక్క ఆగింది. అప్పుడు ఆర్పాడు.

కాగితం మందులో వేశాక మొదట జడ వచ్చింది. తర్వాత కనుపాపలు, చీర అంచు, మెడలో గొలుసు. ఆ తర్వాత చెంపలు మెల్లగా ముదురుతూ పోయాయి. నాకు కంగారు పుట్టింది. నల్లబడిపోతా ఉండాది, తీసెయ్యి పెదనాయనా అని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఉండనీ, పూర్తిగా రానీ అన్నాడు. అక్క పళ్ళెం మీదికి వంగి చూస్తూ ఉంది. హైపో అయ్యాక, నీళ్ళు కారుతున్న ఆ ఫోటోను పెరట్లోకి, ఎండలోకి పట్టుకెళ్ళింది. గడ్డం మీద చిన్నప్పటి గాటు కనిపించింది. పెళ్ళి లెక్కలో అది ఎప్పుడూ ఉండేది కాదు. చెంప మీద ఒక మెరుపు ఉంది. తెల్ల ఫోటోలో మొహమంతా ఒకే సున్నం, మెరుపనేదే లేదు. ఇవన్నీ ఇప్పుడు తెలిసి చెబుతున్నాను. అప్పుడు నాకు కనిపించింది నలుపొక్కటే.

అక్క పెదనాన్నతో అన్న మాటలు నాకు ఉన్నవి ఉన్నట్టు గుర్తున్నాయి.

"ఈ ఫోటోనే పంపండి పెదనాయనా. ఇది చూసి వద్దనుకునేవాళ్ళు ఆడనే, వాళ్ళింట్లోనే వద్దనుకోనీ. రైలెక్కి వచ్చి, నా ఎదురుగా కూర్చోని వద్దనొద్దు. ఇంకోసారి కూర్చునే ఓపిక నాకు లేదు."

మీ అమ్మకు ఏం చెప్పేదని ఆయన అడిగాడు. "అమ్మకు వినపడింది ఎనిమిదే గదా" అంది అక్క. ఇద్దరూ కాస్త నవ్వుకున్నారు. తెల్ల ఫోటోను చించెయ్యమని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. పెదనాన్నకు ఫోటో చించే అలవాటు లేదు. రెండింటినీ పక్కపక్కనే తీగకు తగిలించాడు.

మర్నాడు పొద్దున ఆయన స్టూడియోకు పోతూ, అక్క చెప్పింది విన్నావు గదా, అది కవర్లో పెట్టి అంటించి అత్తకు ఇచ్చిరా అని నాకు అప్పగించాడు. సంబంధాలు కుదిర్చే తరకరి ఆ కవరు తీసుకుని ఆ రోజు తిరువళ్ళూరు పోతున్నాడు. నేను తీగ కింద నిలబడి రెండు ఫోటోలనూ చూశాను. ఒకదాంట్లో క్యాలెండర్ బొమ్మలాంటి అమ్మాయి ఉంది. ఇంకోదాంట్లో రోజూ నాకు జడ వేసే అక్క ఉంది. ఆ రెండో దాన్ని పంపితే ఇక అక్కకు జన్మలో పెళ్ళి కాదని నాకు నమ్మకంగా అనిపించింది. అక్కకేమీ తెలియదు, విసుగుతో ఏదో అనేసింది, నేనే కాపాడాలి అనుకున్నాను. తెల్ల ఫోటో కవర్లో పెట్టి, మైదా జిగురుతో గట్టిగా అంటించి, తీసుకెళ్ళి అత్త చేతికి ఇచ్చాను. నల్లది నా అరవ వాచకంలో దాచాను. ఆ పూట నాకెంత సంతోషమైందో! ఎంతో ఘనకార్యం చేసినట్టు, వచ్చేపోయే ప్రతివాళ్ళనూ చూసి నవ్వాను. తీగ మీద రెండూ లేకపోతే, ఒకటి చించేశాననే పెదనాన్న అనుకుని ఉంటాడు.

పది రోజులకు వాళ్ళు వస్తున్నామని కబురు పంపారు. పక్కింట్లో సందడి మొదలైంది. ఆ కబురు వచ్చినప్పటినుంచి అక్కలో ఏదో మారింది. మగ్గం మీద కూర్చుని కూనిరాగాలు తీసేది. నాకు జడ వేస్తూ, పిల్లవాడు ఎట్లా ఉంటాడో పాపా అని నన్నడిగింది. నా పథకం పారిందని నేను మురిసిపోయాను. ఆమె ఎందుకంత తేలికపడిందో నా బుర్రకు తట్టలేదు.

పొద్దుటి రైలుకు నలుగురు దిగారు. పిల్లవాడు, వాళ్ళ అమ్మానాన్న, మేనత్త. పక్కింటి మామ పోయి చాలా ఏళ్ళయింది గనక మగదిక్కుగా మా పెదనాన్నను పిలిచారు. ఆయన వెంట నేనూ వెళ్ళి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. లోపలినుంచి అక్క కాఫీ పళ్ళెంతో వచ్చింది. ప్రతిసారీ తల వంచుకుని వచ్చే మనిషి ఆ రోజు తల ఎత్తుకుని వచ్చింది. మొహంలో భయం లేదు. పెదవి చివర చిన్న నవ్వు కూడా ఉంది.

అప్పుడు నాకు అర్థమయింది. తన అసలు మొహం చూసి, చూసి కూడా కావాలనుకుని, వాళ్ళు ఇంత దూరం వచ్చారని అక్క అనుకుంటోంది. కబురు వచ్చినప్పటినుంచి ఆ కూనిరాగాలు అందుకే. నేను స్తంభం వెనక్కి సగం జరిగాను.

మేనత్త అక్కను పైనుంచి కిందికి చూసింది. సంచిలోంచి ఫోటో తీసింది. ఫోటో చూసి, అక్కను చూసి, "ఎన్నమ్మా ఇది! ఫోటోలో ఒక పొణ్ణు, ఈడ ఇంకో పిల్ల ఉండాదే" అంది. అక్క పళ్ళెం కింద పెట్టింది. వంగి ఆమె చేతిలోని ఫోటో చూసింది. చూసి, మేనత్త వైపు గానీ పెళ్ళికొడుకు వైపు గానీ కాదు, తిన్నగా నా వైపు చూసింది. నేను నేలచూపులు చూశాను. ఆ చూపు మాత్రం నా నడినెత్తి మీద అట్లాగే ఉందని తెలుస్తూ ఉంది.

పక్కింటి అత్త పెదనాన్న మీద విరుచుకుపడబోయింది, రంగు సరిగా రాలేదేమో చూడన్నా అంటూ. పెదనాన్న ఆమెను ఆపి, ఆ ఫోటో పొరపాటున వచ్చింది, అమ్మాయి పంపమన్నది వేరే ఉంది అని వాళ్ళకు చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, "యాడ పెట్టినావో, పోయి తీసుకురా" అన్నాడు. గొంతు పెంచలేదు. నేను ఇంటికి పరిగెత్తి అరవ వాచకంలోంచి దాన్ని తీసుకొచ్చి ఇచ్చాను. మేనత్త రెండు ఫోటోలనూ కేసరి పళ్ళెం పక్కన పెట్టుకుని చూసింది. "ఇది పంపించుంటే మేము రైలే ఎక్కుండము గదయ్యా" అంది. ఆమె దుర్మార్గురాలేమీ కాదు. ఎండలో వచ్చి అలసిపోయిన మనిషి, ఉన్నమాట అంది. పెళ్ళికొడుకు ఒక్కడే కాఫీ చివరిదాకా తాగాడు. పాపం, అతను మాత్రం ఎన్ని ఇళ్ళు తిరిగాడో.

వాళ్ళు వెళ్ళాక ఇల్లంతా ఖాళీగా అనిపించింది. అత్త వంటింట్లో గిన్నెలు ఎత్తేస్తూ ఎవరినో తిడుతోంది. అక్క మగ్గం పలక మీద కూర్చుని జడలోంచి పూలు తీస్తోంది. నేయడానికి కాదు, ఊరికే కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె పూలు ఒళ్ళో పెట్టుకుని నన్ను చూసింది. కళ్ళల్లో కోపం లేదు. పొద్దంతా నడిచి వచ్చిన మనిషి కళ్ళలా ఉన్నాయి.

"నువ్వు గూడానా, పాపా?" అంది.

అంతే. వీధి మొత్తం ఆమెను నాలుగు మురుగాలు తగ్గించి చూసేది. కన్నతల్లి ఇంకో రెండు తగ్గించమంది. రోజూ తన పక్కన కూర్చుని కతలు వినే నాకు మాత్రం తను ఉన్నట్టే నచ్చిందని ఆమె నమ్మింది. నేనూ ఆ వీధిలో ఒకదాన్నేనని ఆ పూట తెలిసింది. ఇదంతా నాకు పదేళ్ళప్పుడే ఇంత వివరంగా తెలిసిందని చెప్పను. కానీ ఆ మూడు మాటలకు నేనెందుకంత ఏడ్చానో తెలియకుండానే ఏడ్చాను. అక్కే లేచి నా మొహం తుడిచింది.

మర్నాడు మధ్యాహ్నం పెదనాన్న పిలిచినా నేను వెనక గదిలోకి పోలేదు. ఇక నేను లెక్కపెట్టను అన్నాను. ఆయన బయటికి వచ్చి గుమ్మంలో నా పక్కన కూర్చున్నాడు. చేతివేళ్ళు మందుకు గోధుమరంగు తిరిగి ఉండేవి ఆయనకు. ఆ వేళ్ళనే చూసుకుంటూ, "నిన్నేమని తిట్టేదే? నేను ఇన్నేండ్లుగా చేస్తా ఉండేదే నువ్వూ చేసినావు. వాళ్ళకు మంచి చేస్తా ఉండానని నేను గూడా అనుకున్నా" అన్నాడు. అక్కను ఇప్పటికి నాలుగుసార్లు కూర్చోబెట్టింది మనమేనే అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ రోజునుంచి మా ఇంట్లో పెళ్ళి లెక్క లేదు. ఎవరు వచ్చి ఎంత బతిమాలినా పన్నెండే. కొందరు తల్లులు అలిగి ఇంకో స్టూడియోకు పోయారు. పెద్దమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. పెదనాన్న ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. తన పని తాను చేసుకుపోయాడు.

అక్క కూడా వాళ్ళమ్మతో తెగేసి చెప్పింది, పంపితే ఆ నల్ల ఫోటోనే పంపాలి, లేదంటే ఎవరినీ పిలవొద్దని. రెండేళ్ళు ఎవరూ రాలేదు. ఆ రెండేళ్ళూ అత్త ఎంత కుమిలిపోయిందో గానీ, అక్క మాత్రం ప్రశాంతంగా నేసుకుంది. మూడో ఏట పళ్ళిపట్టు వైపునుంచి ఒక నేత కుటుంబంవాళ్ళు వచ్చారు. ఆ రోజు నేను వాళ్ళింటికి పోలేదు, మొహం చెల్లలేదు. గోడకు చెవి ఆనించి విన్నాను, మిగతాది తర్వాత అత్త చెప్పింది. ఆ పిల్లవాడి తల్లి ఫోటో తీసి చూసిందట, అక్కను చూసిందట, ఫోటోను మళ్ళీ సంచిలో పెట్టుకుని, నాకు కాఫీలో చక్కెర వద్దమ్మా, షుగరు ఉండాది అందట. అంతటితో సంబంధం కుదిరిపోయింది.

పదేళ్ళ కిందట తిరువళ్ళూరు స్టేషన్లో అక్క కనిపించింది. తల ముగ్గుబుట్టయిపోయింది. కంటి డాక్టరు దగ్గరికి వచ్చానంది. బెంచీ మీద కూర్చుని ఇద్దరం నొప్పులు చెప్పుకున్నాం. నాలో ఏళ్ళ తరబడి నానుతున్న మాట ఎట్లాగో బయటపెట్టి, ఆ ఫోటో సంగతి క్షమించక్కా అన్నాను. "ఏ ఫోటో పాపా? నాకు గుర్తే లేదే" అని, నా మోకాలి మీద చెయ్యి వేసి, దీనికి నూనె ఏం పూస్తా ఉండావు అని అడిగింది. నిజంగానే మరిచిపోయిందో, నేను బాధపడతానని అట్లా అందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఇంతలో ఆమె రైలు వచ్చేసింది.

మొన్నటి నెలలో మా అబ్బాయికి కాట్టుపల్లి ఓడరేవులో కాంట్రాక్టు పని పోయింది. ఇంటికి వచ్చి గదిలో పడుకున్నాడు. వాడికీ యాభై దాటాయి. మా ఆడపడుచు చూడడానికి వచ్చి, ఏం వదినా, అబ్బాయి ఈ వేళప్పుడు ఇంట్లో ఉన్నాడే అంది. సెలవు పెట్టాడని చెప్పడానికి నా నోట్లో మాట సిద్ధంగానే ఉంది. తల్లిని గదా, వాడి పరువు నేను కాకపోతే ఎవరు కాపాడతారు! కానీ ఆ మాట అనకుండా లేచి, మోకాళ్ళు పట్టుకుని గదిలోకి వెళ్ళి, ఏం చెప్పమంటావురా అని వాణ్ణే అడిగాను. వాడు గోడవైపు తిరిగి పడుకునే, "ఉన్నదే చెప్పుమా. దాచి దాచి నాకు సాలయిపోయింది" అన్నాడు. వచ్చి ఉన్నదే చెప్పాను. ఆమె ఏమనుకుందో నాకు తెలియదు. వాడు మాత్రం ఆ పూట బయటికి వచ్చి, మాతో కూర్చుని అన్నం తిన్నాడు.

అడగడం ఒక్కటే నేను ఆ రోజునుంచి నేర్చుకున్నది. మనకు ప్రాణమైనవాళ్ళ తరఫున ఏదైనా చేసేముందు, ఏదైనా చెప్పేముందు వాళ్ళను అడుగుతాను. అరవై ఏళ్ళుగా అడుగుతున్నాను, ఇంకా అలవాటు కాలేదు, ప్రతిసారీ అబద్ధమే ముందు నోటికి వస్తుంది. అక్కను ఆ పొద్దున అట్లా అడగలేదే అని ఇన్నేళ్ళూ నన్ను నేను తిట్టుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు తడుతోంది. ఆమెను అడగాల్సిన పనే లేదు. ఎవరూ అడక్కుండానే తనకేం కావాలో ఆమె చెప్పింది. అప్పుడు నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.